కడుపు కుదిర్చే మేస్త్రి సలహాలు

పిల్లల కోసం గుళ్లూ ఆస్పత్రులూ తిరిగి అలిసిపోయిన దంపతులు నా దగ్గరికి వచ్చేముందు చేసే పెద్ద తప్పు, చట్టం చదువుకుని రావడం. చదవొద్దు. మీ తరఫున నేను చదివాను. 2021లో పార్లమెంటు చేసి, 2022 జనవరి 25 నుంచి అమల్లో పెట్టిన సరోగసీ నియంత్రణ చట్టం అది. దాని పేరెత్తితే ఆస్పత్రులవాళ్లు గొంతు తగ్గిస్తారు, దంపతులు దిగులు పడతారు. నేను మాత్రం రోజూ పొద్దున కొండవీటి కొండ వైపు తిరిగి పెట్టుకునే దండంలో సగం ఆ చట్టానికే పెడతాను.

మాది ఎడ్లపాడు. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే హైవే మీద బస్సు దిగి ముఠా మేస్త్రి ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. మిర్చి కోతలకు, పత్తి తీతలకు, కోల్డ్ స్టోరేజీల్లో కాయల తొడిమలు తీయడానికి, స్పిన్నింగు మిల్లులో రాత్రి షిఫ్టుకు ఆడకూలీలను కుదిర్చి ఆటోలు ఎక్కించడం నా వృత్తి. తలకింత అని నాకు ముడుతుంది. ఏ ఇంట్లో ఎంత అప్పుందో, ఎవరి మొగుడు తాగుతాడో, ఎవరి పిల్ల బడి ఫీజు ఎన్ని నెలలు బాకీయో నాకు తెలిసినంత సచివాలయంలో కూడా తెలియదు. ఇంత సమాచారం పెట్టుకుని పత్తి చేల చుట్టూ తిరగడం దండగనిపించి ఈ సేవలోకి దిగాను.

చట్టం మీద నాకెందుకంత భక్తో ముందు చెప్పాలి. అంతకు మునుపు డబ్బు పుచ్చుకుని పరాయివాళ్ల బిడ్డను మోసే ఈ వ్యవహారం బహిరంగంగా నడిచేది. 2005లో వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు ఇచ్చింది గానీ వాటిని పాటించకపోతే అడిగే నాథుడు లేడు. గుజరాత్‌లో ఆనంద్ పట్టణానికి పాలతోపాటు ఈ పేరు కూడా వచ్చింది. 2008లో ఒక జపాన్ జంట కోసం అక్కడ పుట్టిన పాప, ఆమె పుట్టేలోపే ఆ జంట విడిపోవడంతో, ఏ దేశపు కాగితమూ లేక సుప్రీంకోర్టు దాకా ఎక్కింది. 2015లో విదేశీయులకు తలుపు మూసేశారు. ఆ రోజుల్లో మోసే ఆడవాళ్లు ఒకచోట కూర్చుని, నీకెంత ఒప్పుకున్నారు, నాకింత అని చెప్పుకునేవాళ్లు. రేటు నలుగురికీ తెలిసినచోట మధ్యవర్తికి మిగిలేది తక్కువ.

ఇప్పుడు రేటు అడగడానికే లేదు. బిడ్డను పరోపకారంగానే మోయాలి. ఆస్పత్రి ఖర్చులు, బీమా, నియమాల్లో రాసిన మరికొన్ని ఖర్చులు తప్ప ఆమె చేతిలో రూపాయి పెట్టకూడదు. వ్యాపారంగా నడిపిస్తే పదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. డబ్బిచ్చి మోయించుకోజూసిన దంపతులకు మొదటిసారి ఐదేళ్ల దాకా, ఐదు లక్షల దాకా. ఇంత కట్టుదిట్టం చేశాక, నోటితో అనకూడని ధరను నిర్ణయించడానికి మనిషి ఒకడు కావాలి గదా. ఆమె పక్కింటామెను వాకబు చేయలేదు. నేను ఎగ్గొడితే స్టేషనుకు పోలేదు. మీరూ పోలేరు. మూడు వైపులా నోళ్లు మూసి తాళంచెవి నా జేబులో పెట్టారు. ఇంతటి ఉపకారం ఏ ప్రభుత్వమైనా ఏ మేస్త్రికైనా చేసిందా?

ఇక మనిషిని ఎంచుకోవడం. చట్టం అడిగేవి తేలిక. పెళ్లయి ఉండాలి, తన కడుపున పుట్టిన బిడ్డ ఉండాలి, 25 నుంచి 35 ఏళ్ల లోపు ఉండాలి, అండం ఆమెది కాకూడదు, జన్మలో ఒక్కసారే మోయాలి. పాడిగేదెను కొనబోయి పళ్లు లెక్కపెట్టడం లాంటివి ఇవి, అందరూ చూసేవే. తెలివైనవాడు అమ్మేవాడి ఇంట్లో గింజలున్నాయా లేవా అని చూస్తాడు. మీరు కూడా అప్పు చూసి ఎంచుకోండి.

చట్టం అమల్లోకొచ్చిన ఆ చలికాలం నాకు బాగా గుర్తు. అప్పటికి పల్నాడు వేరు పడలేదు, మనది ఇంకా గుంటూరు జిల్లానే. నల్ల తామర పురుగు వచ్చి మిర్చి పూతంతా రాల్చేసింది. కౌలు ముందే కట్టినవాళ్లు, పురుగుమందుల కొట్లో ఖాతా పెంచుకున్నవాళ్లు, తోట దున్నేసి అరుగుల మీద కూర్చున్నారు. వారం వారం వచ్చే గ్రూపు లోను కిస్తీ మాత్రం పురుగు పడిందని ఆగదు. అట్లాంటి ఇంటికి పోయి, పరోపకారం చేస్తావా తల్లీ అని అడిగి చూడండి. పేదవాళ్లలో ఎంత ఔదార్యం ఉంటుందో తెలుస్తుంది. కారున్న ఇళ్లలో ఇంత దయాగుణం నాకెక్కడా తగల్లేదు. మీ సొంత చెల్లెల్ని అడిగారా? అడగలేదు. “దానికి ఉద్యోగం ఉంది మేస్త్రీ” అంటారు. అవునవును, ఉద్యోగం ఉన్నవాళ్లకు త్యాగానికి సెలవు దొరకదు.

2019లో తెచ్చిన బిల్లులో దగ్గరి బంధువే మోయాలని షరతు రాశారు. దాన్ని చూసి నాకు నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. మరుసటి ఏడు రాజ్యసభ సెలెక్ట్ కమిటీవాళ్లు ఆ షరతు తీసేయమన్నారు, తీసేశారు, ఇష్టపడి ముందుకొచ్చిన స్త్రీ ఎవరైనా సరే అన్నారు. పెద్దమనుషులు. సొంతింట్లోనే త్యాగమూర్తిని వెతుక్కోవాల్సి వస్తే ఈ దేశంలో ఎన్ని ఊయలలు ఖాళీగా ఉండేవో.

బంధుత్వం అక్కర్లేదన్నా నేను మాత్రం వరస కలుపుతాను. ఇక్కడ జాగ్రత్త కావాలి. మీ ఆవిడ తొందరపడి ఆమెను చెల్లీ అన్నదా, మీకు మరదలు వరస పడుతుంది. అది నలుగురిలో బాగుండదు. కాబట్టి ముందు మీరే “చెల్లెమ్మా” అనాలి. అప్పుడామె మీ ఆవిడకు ఆడపడుచవుతుంది. ఆడపడుచుకు ఇచ్చేది కూలీ కాదు, లాంఛనం. చీరా సారె పెట్టొచ్చు, చేతిలో కవరు పెట్టొచ్చు, ఎందుకిచ్చారని ఎవరూ అడగరు. కట్నం నిషేధమని 1961 నుంచీ చట్టం ఉంది, మన జిల్లాలో దాన్ని ఎంత సుఖంగా దాటుకుంటూ వచ్చామో మీకు తెలియనిది కాదు. ఇంకొక లాభం ఏమిటంటే, వరస కలిశాక ఆమె గట్టిగా బేరమాడలేదు. అన్నయ్య దగ్గర డబ్బు మాట ఎట్టా ఎత్తుతుంది పాపం, ఆడకూతురు.

డబ్బు సంగతికి వస్తే, ఎవరికీ తక్కువ చేయకండి. ఐవీఎఫ్ డాక్టరు ఫీజు, పిండాలు చూసే ల్యాబువాళ్ల బిల్లు, మత్తు డాక్టరుది, స్కానింగుది, అఫిడవిట్ రాసే లాయరుది, నోటరీది, బీమా కంపెనీ ప్రీమియం, గుంటూరుకీ హైదరాబాద్‌కీ తిప్పే కారు డ్రైవరు బత్తా. వీళ్లంతా వృత్తిలో ఉన్నవాళ్లు, అడిగినంత ఇవ్వాలి. నా కమీషనూ అంతే. ఆదా చేయగలిగిన చోటు ఒక్కటే ఉంది, చట్టమే దాన్ని వేలు పెట్టి చూపించింది.

మా ఊళ్లో ఒక ఆశా కార్యకర్త ఉంది. మనిషి మంచిదే గానీ లెక్కలెక్కువ. ఒకరోజు టీకొట్టు దగ్గర నిలేసింది.

“అన్నా, కోసే డాక్టరు డబ్బు పుచ్చుకుంటే వైద్యం. కోయించుకునే ఆడది పుచ్చుకుంటే నేరం. ఇదెక్కడి లెక్క?”

“అమ్మాయ్, తల్లితనానికి వెల కట్టకూడదని పార్లమెంటులో పెద్దలు అనుకున్నారు.”

“మరి నువ్వు అవతలోళ్లకు చెప్పే వెల దేనికి?”

“అది నా తిరుగుడుకి.”

“తొమ్మిది నెలలు దాని తిరుగుడుకో?”

ఆమెతో వాదన పెట్టుకోవడం అనవసరం. ఆమెకు ప్రభుత్వం ఇచ్చేదే జీతం కాదు, నెలకు పదివేలు గౌరవ వేతనం; పేరుకు ఆమె స్వచ్ఛంద సేవకురాలు. త్యాగం అలవాటైన మనిషే ఇట్లా లెక్కలడిగితే కొత్తగా త్యాగం చేసేవాళ్లు చెడిపోరూ?

కాగితాల విషయంలో సూత్రం ఒకటి పెట్టుకోండి. మీరేమీ రాసివ్వకండి, ఆమె దగ్గర రాయించుకోండి. రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ఒక ప్రామిసరీ నోటు, అంకె రాయకుండా, దగ్గరుంటే ఆమె మధ్యలో మనసు మార్చుకోదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ శివారు పేట్ బషీరాబాద్ వైపు ఒక ఇంటి మీద పోలీసులు పడినప్పుడు, అండాలిచ్చే ఆడవాళ్లు, కడుపు మోసే ఆడవాళ్లతోపాటు దొరికిన వాటిలో ప్రామిసరీ నోట్లూ ఉన్నాయి. చదివి గర్వపడ్డాను. కూలీకి అడ్వాన్సిచ్చి కాగితం రాయించుకునే మా మేస్త్రుల విద్య పట్నం దాకా పాకింది.

సమ్మతి పత్రం ఒకటి ఉంటుంది. కలగబోయే ఇబ్బందులన్నీ ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పి రాయించుకోవాలనీ, పిండం లోపల పెట్టేదాకా ఆమె ఎప్పుడైనా వద్దనవచ్చనీ చట్టంలో ఉంది. హార్మోను సూదులు, కడుపుకోత, ఒకసారి నిలవకపోతే మళ్లీ మళ్లీ, మూడుసార్ల దాకా ప్రయత్నం. ఇవన్నీ ముందే చెబితే ఎవరైనా భయపడరా? వద్దనే హక్కు సంగతి పిండం పెట్టిన మర్నాడు చెప్పండి. చెప్పలేదన్న మాటా రాదు. అయితే ఒక చిక్కు. రేపు కేసంటూ వస్తే, మొగుడో, దంపతులో, బంధువులో ఒత్తిడి పెట్టే ఆమె చేత మోయించారని కోర్టు ముందుగానే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మనం. ఈ ఒక్క సెక్షను రాసినవాడికి మాత్రం మా లాంటివాళ్లతో పాత పరిచయం ఉన్నట్టుంది.

ఉంచే చోటు గురించి. సొంతూళ్లో ఉంచకండి, కడుపు కనిపిస్తుంది, అత్త అడుగుతుంది, పిల్లలు వచ్చి ఒళ్లో కూర్చుంటారు. పట్నం తీసుకుపోవడం మేలు. చట్టం రాకముందు ఈ పద్ధతి టోకున నడిచేది. 2017 జూన్‌లో బంజారాహిల్స్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద టాస్క్‌ఫోర్సు దాడి చేస్తే ఒకే భవనంలో నలభై మందికి పైగా గర్భిణులు కనిపించారు. అంతమందిని ఒకచోట పెట్టడం తెలివితక్కువ. విడివిడిగా ఫ్లాట్లలో పెట్టాలి.

ఫ్లాటు ఏ అంతస్తులో అన్నది కూడా చూసుకోవాలి. 2024 నవంబరు చివర్లో రాయదుర్గం దగ్గర పెద్ద అపార్టుమెంటులో ఇట్లాగే ఒడిశా నుంచి ఒకామెను తెచ్చి పెట్టారు. పది లక్షలని మాట. ఇరవై ఆరేళ్ల లోపు పిల్ల, నాలుగేళ్ల కొడుకు. మొగుణ్ణి వేరేచోట ఉంచారు. బిడ్డ కావాలన్న యాభై నాలుగేళ్ల పెద్దమనిషి తనను వేధిస్తున్నాడని ఆమె మొగుడికి చెప్పుకుందట. రాత్రిపూట తొమ్మిదో అంతస్తు బాల్కనీ నుంచి చీరలు ముడేసి దిగబోయి పడి చనిపోయింది. పేపర్లు దాన్ని నేరంగా రాశాయి. మా వృత్తివాళ్లు దాన్ని ఏర్పాట్ల లోపంగా చూడాలి. బాల్కనీకి ఇనుప జాలీ కొట్టించడానికి ఎంతవుతుంది?

ఆమె పేరు పేపర్లో పడిన రోజు మా ఆవిడ నాకు అన్నం పెట్టలేదు. ఆడవాళ్లకు వ్యాపార విషయాలు అర్థం కావు.

బిడ్డ చేతికొచ్చాక పాటించాల్సింది ఒక్కటే: పరీక్షలు చేయించకండి. సికింద్రాబాద్‌లో సృష్టి అనే సంతాన సాఫల్య కేంద్రం వ్యవహారం చూడండి. బిడ్డ కోసం దాదాపు 35 లక్షలు కట్టిన దంపతులకు విశాఖపట్నంలో సరోగసీ ద్వారా పుట్టాడని చెప్పి ఒక మగబిడ్డను చేతిలో పెట్టారు. హాయిగా బారసాల చేసుకోక, అనుమానంతో డీఎన్‌ఏ పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరిలో ఎవరి రక్తమూ కాదని తేలింది. 2025 జూలైలో గోపాలపురం పోలీసులు చెప్పిన ప్రకారం, ఆ బిడ్డ హైదరాబాద్‌లో ఉంటున్న ఒక అస్సాం జంట బిడ్డ; ప్రసవానికి ఆమెను విమానంలో విశాఖ పంపారు; ఆ జంటకు ముట్టింది 90 వేలు. కేసు ఇంకా నడుస్తోంది గనక నేను తీర్పు చెప్పను. లెక్క మాత్రం చెబుతాను. దంపతుల జేబులోంచి నూరు రూపాయలు బయటికొస్తే, కన్నవాళ్లకు చేరింది రెండున్నర. అక్కడ సరోగసీయే లేదు, కడుపు అద్దెకిచ్చిన ఆడదే లేదు. అయినా పైవాళ్ల వాటాలు ఎక్కడివక్కడ సరిగ్గా సరిపోయాయి. మా పద్ధతి ఎంత పటిష్ఠమైందో దీన్నిబట్టే తెలుస్తుంది.

బీమా గురించి అడిగేవాళ్లున్నారు. ప్రసవమయ్యాక 36 నెలల దాకా వచ్చే ఇబ్బందులకు కూడా పనికొచ్చే పాలసీ ఆమె పేరిట తీయాలని చట్టం. మూడేళ్లట! బిడ్డ మీ ఇంటికి వచ్చేశాక ఆమెకు ఏమవుతుంది? కోత పెట్టినచోట నొప్పి అంటుంది, బీపీ అంటుంది, నెలలు తిరిగేలోగా మిర్చి బస్తాలు ఎత్తుతుంది మరి. ఆ పాలసీ కాగితం మాకెందుకు చూపించరని ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

దొడ్డిదారి ఇన్ని చెబుతున్నావు, రాజమార్గం లేదా అని మీకు సందేహం రావచ్చు. ఉంది. మీ ఆవిడ మోయలేదని జిల్లా వైద్య మండలి సర్టిఫికెట్, పుట్టబోయే బిడ్డ మీ బిడ్డేనని ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు, బీమా, మీకూ మోసే ఆమెకూ వేర్వేరుగా అర్హత పత్రాలు, రిజిస్టరైన క్లినిక్. భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లు ఉండాలి. పిండాలను ఈ చట్టానికి ముందే దాచుకున్నవాళ్లకు వయసు పట్టింపు లేదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ పట్టుకుని నరసరావుపేట ఆఫీసుల చుట్టూ తిరిగి, ఆ చివర అసలు ప్రశ్న దగ్గర ఆగుతారు: ఉచితంగా మోసేది ఎవరు? దానికి ఆఫీసులో ఫారం లేదు. అక్కడి నుంచి నా ఇంటికి ఆటో దొరుకుతుంది.

ఆ రాజమార్గపు తలుపు అసలే తెరుచుకోనివాళ్లూ ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఒకరున్నవాళ్లకు రెండో బిడ్డకు వీల్లేదు. పెళ్లి కాని ఆడమనిషికి లేదు. భర్త పోయినామెకూ విడాకులు తీసుకున్నామెకూ ఉంది గానీ 35 నుంచి 45 ఏళ్ల మధ్యే. ముప్ఫై నాలుగేళ్ల వితంతువు వస్తే చట్టం ఆగమంటుంది, నలభై ఆరేళ్లావిడ వస్తే ఆలస్యమైందంటుంది. నేను ఎవరికీ కాదనను. చట్టం కాదన్న ప్రతి మనిషీ నా పద్దులో జమే.

అమెరికాలో ఉండే మన పల్నాటి పిల్లలు ఫోన్లు చేసి అక్కడి ముచ్చట్లు చెబుతుంటారు. కాలిఫోర్నియాలో మోసే ఆమెకు డబ్బు బాహాటంగానే ఇస్తారు. ఆమె తరఫున వేరే లాయరు ఉండాలి, డబ్బు మూడోవాళ్ల దగ్గర ఖాతాలో వేయాలి. బ్రిటన్‌లో ఆమెకు ఖర్చులే ఇవ్వాలంటారు గానీ, 1985 నుంచీ డబ్బుకు మధ్యవర్తిత్వం చేసేవాణ్ణే నేరస్థుణ్ణి చేశారు. ఇటలీ వాళ్లు 2024లో ఇంకో అడుగు వేసి, తమ పౌరులు పరాయి దేశం పోయి చేయించుకున్నా శిక్షిస్తామన్నారు. వీటిలో ఏది మంచిదని అడిగితే నా అభిప్రాయం స్పష్టం: ఆమెకంటూ సొంత లాయరు ఉన్న దేశం పనికిరాదు.

ఇది మనకు కొత్త విద్య కాదని కూడా చెప్పుకోవాలి. 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. అందులోనూ ఇదే మాట: డబ్బుకివ్వడం నేరం, బంధువులివ్వాలి, లేదా అభిమానంతో ఇవ్వాలి. 2000 వచ్చేసరికి రెంటచింతల వైపు రైతులు అప్పులకు కిడ్నీలు అమ్ముకున్నారని పేపర్లకెక్కింది. 2017లో నరసరావుపేటలో తహసీల్దారు ఆఫీసుకు వచ్చిన ఒక దరఖాస్తును తరచి చూస్తే, మారుపేరు ఆధార్‌తో ఒక పేదవాణ్ణి దాతగా నిలబెట్టారని బయటపడింది. కాగితం మీద మాత్రం అన్నీ అభిమానాలే. పల్నాడు గడ్డ మీద పౌరుషమే అంటారు గానీ, పత్రాల్లో చూస్తే మావాళ్లంత అభిమానస్తులు లేరు.

ఇక నా ఫీజు. సగం ముందు, సగం గుండె చప్పుడు వినిపించిన రోజు. బిడ్డ నిలవకపోయినా తిరిగి ఇవ్వను. ఆమెకు ఇవ్వాల్సింది కూడా నా చేతికే ఇవ్వండి, నేను చూసుకుంటాను. కొంతమంది మొహమాటపడి అడుగుతారు, మేస్త్రీ, ఇంత పుణ్యకార్యం గదా, నువ్వు కూడా కాస్త పరోపకారంగా చేయరాదా అని. చేద్దామనే ఉంది. కానీ చట్టం పెట్టిన అర్హతలు ఒకసారి చూడండి. ఆడమనిషై ఉండాలి, ముప్ఫై ఐదు దాటకూడదు, ఒక బిడ్డనైనా కని ఉండాలి. నాకు ఒక్కటీ లేదు. ఫోన్‌పే వద్దు, నగదే తెండి.